నాలుగు భుజాలు, ఐదో కొలత

చతురస్రం దీర్ఘచతురస్రం అవుతుందా? ఎనిమిదో తరగతిలో ఈ ప్రశ్న వేస్తే పిల్లలు రెండు జట్లుగా చీలిపోతారు. పెద్దల్ని అడిగినా అంతే. లెక్కలు బాగా వచ్చినవాళ్లు కూడా కాసేపు తటపటాయించి, అవుతుందేమో గానీ దాన్ని ఎవరూ అలా పిలవరు కదా అంటారు. పిలవకపోవడం వాడుకకు సంబంధించిన సంగతి. అవుతుందా కాదా అన్నది నిర్వచనం తేల్చాల్సిన సంగతి. ఈ రెండింటికీ మధ్య పేచీ యూక్లిడ్ కాలం నుంచీ ఉంది, ఇప్పటి పాఠ్యపుస్తకాల్లోనూ ఉంది.

చతుర్భుజాలను సర్దే పద్ధతులు ప్రధానంగా రెండు. మొదటి పద్ధతిలో ఒక్కో ఆకారానికి ఒక్కో గది. చతురస్రం గదిలో ఉన్నది దీర్ఘచతురస్రం గదిలో ఉండదు. దీన్ని విడదీసే వర్గీకరణ అందాం. రెండో పద్ధతిలో పెద్ద కుటుంబంలో చిన్న కుటుంబం ఇమిడి ఉంటుంది. చతురస్రాలు దీర్ఘచతురస్రాల్లో భాగం, దీర్ఘచతురస్రాలు సమాంతర చతుర్భుజాల్లో భాగం. ఇది కలుపుకొనే వర్గీకరణ. ఏ గీత ఎక్కడ గీయాలన్నది మనుషులు తీసుకునే నిర్ణయమే. ఆ నిర్ణయం ఎంత పని చేసిపెడుతుందో చూసి దాని విలువ కట్టాలి. అలా చూస్తే కలుపుకొనే పద్ధతిదే పైచేయి అని నా నమ్మకం. మన పుస్తకాలు ఆ పద్ధతిని మొదలుపెట్టి, ట్రెపీజియం దగ్గరికీ గాలిపటం (కైట్) ఆకారం దగ్గరికీ వచ్చేసరికి తడబడుతున్నాయి. చర్చ జరగాల్సింది అక్కడే.

ముందు చతుర్భుజం సంగతి. ఒక తలంలో నాలుగు బిందువులు ఉండాలి, వాటిలో ఏ మూడూ ఒకే సరళరేఖ మీద పడకూడదు. వాటిని వరసగా కలిపే నాలుగు రేఖాఖండాలు చివరల దగ్గర తప్ప ఇంకెక్కడా తగలకూడదు. ఆఖరి షరతు తీసేస్తే భుజాలు ఒకదాన్నొకటి దాటిపోయే పటాలు వచ్చి చేరతాయి. వాటికి లోపలేదో బయటేదో చెప్పడమే కష్టం, ఇక లోపలి కోణాల మొత్తం 360 డిగ్రీలన్న మాట ఎక్కడ నిలుస్తుంది? ఒకే తలం అన్న షరతు తీసేసినా ఆ మొత్తం నిలవదు. చతురస్రపు కాగితాన్ని కర్ణం వెంట కొంచెం మడిచి నిలబెడితే అంచుల మధ్య కోణాల మొత్తం 360 కంటే తగ్గిపోతుంది. ఒక మూల లోపలికి గుంటపడిన బాణం మొన ఆకారం మాత్రం చతుర్భుజమే, దానికి 360 సూత్రం చెల్లుతుంది. అయితే ఈ ఆకారాన్ని పూర్వం కొందరు నాలుగు భుజాల త్రిభుజం అన్నారని 5వ శతాబ్దపు గ్రీకు వ్యాఖ్యాత ప్రోక్లస్ రాశాడు. రెండు లంబకోణాలకు మించిన కోణం వాళ్ల లెక్కలో కోణమే కాదు, అందువల్ల వాళ్లకు అక్కడ మూడు కోణాలే కనిపించాయి. జెనొడోరస్ అనే గ్రీకు గణితజ్ఞుడు దాన్ని గుంటకోణపు పటం అన్నాడట. కోణం నిర్వచనం మారితే చతుర్భుజాల జాబితా ఎలా మారిపోతుందో చూడండి.

యూక్లిడ్ దగ్గరికి వద్దాం. ఎలిమెంట్స్ మొదటి పుస్తకం 22వ నిర్వచనంలో ఆయన నాలుగు భుజాల పటాలను ఐదు రకాలు చేశాడు. భుజాలూ సమానమై కోణాలూ లంబమైతే చతురస్రం. కోణాలు లంబమై భుజాలు సమానం కాకపోతే దీర్ఘచతురస్రం. భుజాలు సమానమై కోణాలు లంబం కాకపోతే రాంబస్, అంటే మన సమచతుర్భుజం. ఎదురెదురు భుజాలూ కోణాలూ సమానమై, పై రెండు గుణాలూ లేనిది రాంబాయిడ్. మిగిలినవన్నీ ట్రెపీజియాలు. ప్రతి వాక్యంలోనూ కాకపోతే, లేకపోతే అన్న గోడలున్నాయి. విడదీసే వర్గీకరణకు ఇంతకంటే స్పష్టమైన నమూనా దొరకదు.

ఇంత శ్రద్ధగా పెట్టిన ఈ పేర్లలో రాంబస్, రాంబాయిడ్, విడదీసిన అర్థంలో దీర్ఘచతురస్రం తర్వాతి పుస్తకాల్లో ఎక్కడా పనికి రాలేదు. యూక్లిడ్ నిజంగా పనిచేయించుకున్న ఆకారం ఆ జాబితాలోనే లేదు. అది సమాంతర చతుర్భుజం. మొదటి పుస్తకం 34వ ప్రతిపాదనలో అది నిర్వచనమేమీ లేకుండా వచ్చేస్తుంది. దాని ఎదుటి భుజాలూ కోణాలూ సమానమని, కర్ణం దాన్ని రెండు సమభాగాలు చేస్తుందని ఆయన నిరూపించాడు. ఆ నిరూపణ చతురస్రానికీ రాంబస్‌కూ కూడా వర్తించాలి, లేకపోతే తర్వాతి నిరూపణలు ముందుకు సాగవు. రెండో పుస్తకం నాలుగో ప్రతిపాదన ఇంకా మంచి ఉదాహరణ. ఒక రేఖను ఎక్కడైనా ఖండిస్తే, మొత్తం మీద గీసిన చతురస్రం రెండు ముక్కల మీది చతురస్రాలకూ, ఆ ముక్కలతో ఏర్పడే దీర్ఘచతురస్రానికి రెట్టింపుకూ సమానం అంటాడు. మన బడి భాషలో (a + b)² విస్తరణ అదే. ఎక్కడైనా అన్నాడు కదా, సరిగ్గా మధ్యలో ఖండిస్తే? ముక్కలు సమానం, ఆ దీర్ఘచతురస్రం చతురస్రమే అవుతుంది. నిర్వచనంలో కట్టిన గోడను సిద్ధాంతంలో యూక్లిడే దాటాడు. దాటక తప్పలేదు.

ఈ తేడాను తర్వాతివాళ్లు గమనించారు. గ్రీకు తత్వవేత్త పొసిడోనియస్ చేసినదిగా ప్రోక్లస్ చెప్పిన పట్టికలో చతుర్భుజాలు మొదట సమాంతర చతుర్భుజాలు, కానివి అని రెండుగా విడిపోయాయి. మొదటి దానిలో నాలుగు రకాలు. రెండో దానిలో ఒక జత సమాంతర భుజాలున్నవి రెండు రకాలు, అసలు సమాంతర భుజాలే లేనివి ఒకటి. మొత్తం ఏడు. చతురస్రం, దీర్ఘచతురస్రం వేర్వేరు గదుల్లోనే ఉన్నా వాటికి పైన ఒక ఉమ్మడి పేరు వచ్చింది. కలుపుకొనే పద్ధతికి అది మొదటి మెట్టు.

మన దేశంలో ఈ ఆలోచన వేరే దారిలో నడిచింది. ఇక్కడి ప్రశ్నలు వైశాల్యం, కర్ణం, లంబం చుట్టూ తిరిగాయి. యజ్ఞవేదికల కొలతలు చెప్పే శుల్బసూత్రాల్లోని మహావేదిని తీసుకోండి. పడమటి భుజం 30 ప్రక్రమాలు (అంగలు), తూర్పు భుజం 24, వాటి మధ్య దూరం 36. ఇది రెండు పక్కలా సమానంగా వాలిన ట్రెపీజియం. దీని వైశాల్యం 972 అని ఆపస్తంబుడు చెప్పి ఊరుకోలేదు, ఎందుకో చూపాడు. ఒక పక్క నుంచి 3 ప్రక్రమాల ఆధారం, 36 ఎత్తు ఉన్న త్రిభుజాన్ని కోసి, తలకిందులు చేసి రెండో పక్కన అతికిస్తే 36కి 27 దీర్ఘచతురస్రం వస్తుంది. ప్రవర చెప్పుకునేటప్పుడు ఆపస్తంబ సూత్రమని పలికే కుటుంబాలు తెలుగునాట ఎన్నో ఉన్నాయి. ఆ ఆపస్తంబుడి పేరుతోనే ఈ కోత, ఈ అతుకు మనకు అందాయన్న సంగతి లెక్కల తరగతిలో చెబితే ఎంత బాగుంటుంది!

బ్రహ్మగుప్తుడు 628లో బ్రాహ్మస్ఫుట సిద్ధాంతంలో చెప్పిన చతుర్భుజాలూ ఐదు రకాలే. నాలుగు భుజాలూ సమానమైనది, ఆయతం, రెండు భుజాలు సమానమైన ద్విసమం, మూడు సమానమైన త్రిసమం, ఏదీ సమానం కాని విషమం. ఈ పట్టికలో సమాంతర చతుర్భుజం ప్రత్యేకంగా లేదు, గాలిపటం లేదు. ఎందుకు లేవన్న ప్రశ్నకు ఆయన ప్రసిద్ధ సూత్రంలో జవాబు దొరుకుతుందనిపిస్తుంది. భుజాల మొత్తంలో సగం నుంచి ఒక్కో భుజాన్నీ తీసివేసి, వచ్చిన నాలుగు సంఖ్యల లబ్ధానికి వర్గమూలం కడితే వైశాల్యం. ఈ సూత్రం శీర్షాలు నాలుగూ ఒకే వృత్తం మీద ఉండే చక్రీయ చతుర్భుజాలకే సరిపోతుంది. ఆయతం ఎప్పుడూ చక్రీయమే. ద్విసమాన్నీ త్రిసమాన్నీ ఆయన వాడిన అర్థంలో, రెండు పక్కలా ఒకేలా వాలిన ట్రెపీజియాలుగా తీసుకుంటే అవీ చక్రీయాలే. ఆయన పట్టిక ఆయన పనికి తగ్గట్టు కుదిరింది.

9వ శతాబ్దంలో రాష్ట్రకూట అమోఘవర్షుడి కాలపు మహావీరాచార్యుడు గణితసారసంగ్రహంలో ఆయతానికి ద్విద్విసమం అన్న పేరు వాడాడు. రెండేసి భుజాలు సమానమని. ఆ గ్రంథాన్నే పావులూరి మల్లన తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. తెలుగులో శాస్త్ర గ్రంథాలకు అది ఆది. క్షేత్రగణితాన్ని మన భాషలో ఆలోచించడం ఇంగ్లీషు బడులతో మొదలు కాలేదని గుర్తుంచుకోవడానికైనా మల్లన పేరు పాఠ్యపుస్తకంలో ఉండాలి.

ఈ కథలో నాకు అన్నిటికంటే విలువైనదిగా తోచే ఘట్టం భాస్కరాచార్యుడిది. 1150 నాటి లీలావతిలో ఆయన ఒకచోట గట్టిగా కోప్పడ్డాడు. నాలుగు భుజాల కొలతలు మాత్రం ఇచ్చి, కర్ణమో లంబమో చెప్పకుండా వైశాల్యం అడిగేవాడూ, అడిగితే చెప్పేవాడూ కూడా పిశాచాలేనన్నాడు. కోపానికి కారణం చాలా సబబైనది. నాలుగు చీపురు పుల్లలు సమానంగా విరిచి, చివరలను దారంతో వదులుగా కట్టి చూడండి. చతురస్రంగా నిలబెట్టి ఒక మూలను మెల్లగా నొక్కితే అది వాలుతుంది, ఇంకా నొక్కితే సన్నబడుతుంది, ఆఖరికి పుల్లలు ఒకదాని మీద ఒకటి పడిపోతాయి. భుజాలు మారలేదు, లోపలి చోటు మాత్రం తరిగిపోయింది. భాస్కరుడు దీనికి లెక్క కూడా ఇచ్చాడు. భుజం 25. కర్ణాలు 30, 40 అయితే వైశాల్యం 600. కర్ణాలు 14, 48 అయితే 336. రెండు కర్ణాలూ సమానమైతే 625.

ఈ మూడో జవాబు దగ్గర కాసేపు ఆగాలి. భుజం 25గా ఉండి కర్ణాలు సమానమైన ఆకారమంటే చతురస్రమే. భాస్కరుడు దాన్ని వేరే జాతిగా చూడలేదు. సమాన భుజాలున్న చతుర్భుజాల్లోనే కర్ణాలు సమానమైన ఒక సందర్భంగా చూశాడు. కలుపుకొనే వర్గీకరణ అన్న మాట ఆయన అనలేదు గానీ లెక్క చేసిన తీరులో అదే ఉంది. పుల్లల చట్రం కూడా అదే చెబుతుంది. వాలుతూ వాలుతూ ఉన్న రాంబస్ ఒక్క క్షణం నిటారుగా నిలిచినప్పుడు చతురస్రం అవుతుంది. ఆ ఒక్క క్షణంలో అది రాంబస్ కాకుండా పోయిందనడం అసహజంగా ఉంటుంది.

భాస్కరుడు అడిగిన ఆ ఐదో కొలతే మన ఎనిమిదో తరగతి చతుర్భుజాల నిర్మాణం పాఠానికి ఆధారం. సాధారణ చతుర్భుజాన్ని ఖాయంగా గీయాలంటే ఐదు స్వతంత్ర కొలతలు కావాలి. ట్రెపీజియానికి నాలుగు చాలు. సమాంతర చతుర్భుజానికి మూడు, దీర్ఘచతురస్రానికి రెండు, రాంబస్‌కు రెండు, చతురస్రానికి ఒక్కటి. పిల్లలు ఈ సంఖ్యలను నిర్మాణం పాఠంలో విడిగా, వర్గీకరణను ఇంకో పాఠంలో విడిగా చదువుతారు. నిజానికి రెండూ ఒకే పట్టిక. గుణం ఒకటి చేరినకొద్దీ ఇవ్వాల్సిన కొలత ఒకటి తగ్గుతుంది. పెద్ద కుటుంబంలో స్వేచ్ఛ ఎక్కువ, చిన్న కుటుంబంలో తక్కువ. ఉపాధ్యాయులు ఈ రెండు పాఠాలను పక్కపక్కన పెట్టి చెబితే సగం గందరగోళం అక్కడికక్కడే విడిపోతుంది.

ఇక కలుపుకొనే పద్ధతి చేసిపెట్టే పని. దక్షిణాఫ్రికాకు చెందిన గణిత విద్యావేత్త మైకేల్ డి విలియర్స్ 1994లో రాసిన వ్యాసం ఈ విషయంలో ఇప్పటికీ మంచి ఆధారం. విడదీసే నిర్వచనాలు గణితపరంగా తప్పేమీ కావని ఆయన ఒప్పుకున్నాడు. కలుపుకొనేవి పొదుపైనవని, నిరూపణల పని తగ్గిస్తాయని, లెక్క చేసేటప్పుడు దారి చూపిస్తాయని వాదించాడు. ఒక ఉదాహరణ చాలు. ఏ చతుర్భుజమైనా గీయండి, నాలుగు భుజాల మధ్యబిందువులను వరసగా కలపండి. లోపల వచ్చేది సమాంతర చతుర్భుజం. పియర్ వారిన్యోన్ పేరుతో 1731లో అచ్చయిన సిద్ధాంతమిది. బయటి చతుర్భుజం కర్ణాలు సమానమైతే లోపలిది రాంబస్, కర్ణాలు లంబంగా ఖండించుకుంటే దీర్ఘచతురస్రం, రెండూ జరిగితే చతురస్రం. విడదీసే నిర్వచనాలతో ఈ సిద్ధాంతాన్ని చెప్పి చూడండి. సమాంతర చతుర్భుజం గానీ దీర్ఘచతురస్రం గానీ రాంబస్ గానీ చతురస్రం గానీ వస్తుందని నాలుగు పేర్లూ ఏకరువు పెట్టాలి. ఒక్క మాటతో పోయే చోట అంత బరువు ఎందుకు మోయాలి?

చతురస్రం, దీర్ఘచతురస్రం, రాంబస్ దాకా పుస్తకాలన్నీ దాదాపు ఒకే మాట మీద ఉన్నాయి. చిక్కంతా ట్రెపీజియంతోనే. పేరులోనే ఒక గందరగోళం ఉంది. 1795లో చార్లెస్ హటన్ ఇంగ్లీషు గణిత నిఘంటువులో ట్రెపీజియం, ట్రెపజాయిడ్ అర్థాలు అటూఇటూ అయ్యాయి. అమెరికా దాన్నే పట్టుకుంది, బ్రిటన్ తర్వాత పాత అర్థానికి తిరిగి వచ్చింది. అమెరికాలో చదువుకుంటున్న మన పిల్లలు ట్రెపజాయిడ్ అనేదాన్నే ఇక్కడి పిల్లలు ట్రెపీజియం అంటారు. పేర్ల తేడా అంతటితో సరి. నిర్వచనం తేడా అలా వదిలేసేది కాదు. ఒక జత ఎదుటి భుజాలు సమాంతరం అంటే కనీసం ఒక జతా, కచ్చితంగా ఒకే జతా? కనీసం అంటే సమాంతర చతుర్భుజం కూడా ట్రెపీజియమే. ఒకే జత అంటే కాదు.

కనీసం అన్న పక్షానే నిలబడాలని నా అభిప్రాయం. ట్రెపీజియం వైశాల్యం సమాంతర భుజాల మొత్తంలో సగాన్ని ఎత్తుతో గుణిస్తే వస్తుంది. ఆ రెండు భుజాలూ సమానమైనప్పుడు ఇదే సూత్రం సమాంతర చతుర్భుజం సూత్రంగా మారిపోతుంది. ఇంటర్ దాటాక వక్రరేఖ కింది వైశాల్యం కట్టడానికి దాన్ని ట్రెపీజియం పట్టీలుగా కోసే పద్ధతి నేర్చుకుంటారు. ఏదో ఒక పట్టీకి రెండు అంచుల ఎత్తులూ సమానమైతే అది దీర్ఘచతురస్రం. అక్కడ పని ఆపి, ఇది ట్రెపీజియం కాదు కాబట్టి వేరే సూత్రం వేద్దామని ఏ గణితజ్ఞుడూ అనడు. అమెరికాలో జల్మన్ ఉసిస్కిన్, జెన్నిఫర్ గ్రిఫిన్ పాఠ్యపుస్తకాల్లోని చతుర్భుజ నిర్వచనాలన్నీ పరిశీలించి 2008లో ఒక పుస్తకమే వేశారు. వాళ్లూ కలుపుకొనే నిర్వచనాన్నే సమర్థించారు.

ఎదుటి పక్షానికి ఒక బలమైన అభ్యంతరం ఉంది, దాన్ని తోసిపుచ్చలేం. సమద్విబాహు ట్రెపీజియాన్ని పక్క భుజాలు సమానమైన ట్రెపీజియం అని నిర్వచిస్తాం. సమాంతర చతుర్భుజాన్నీ ట్రెపీజియంగా ఒప్పుకుంటే, దాని పక్క భుజాలూ సమానమే కాబట్టి అదీ సమద్విబాహు ట్రెపీజియం అయిపోతుంది. కానీ సమద్విబాహు ట్రెపీజియానికి కర్ణాలు సమానం, ఆధారం దగ్గరి కోణాలు సమానం. వాలిన సమాంతర చతుర్భుజానికి ఈ రెండూ లేవు. సిద్ధాంతాలు కూలిపోతాయి. మందు నిర్వచనంలోనే ఉంది. పక్క భుజాలు సమానం అనడం మానేసి, ఒక ఆధారం దగ్గరి రెండు కోణాలూ సమానం అంటే చాలు. అప్పుడు దీర్ఘచతురస్రం లోపలికి వస్తుంది, వాలిన సమాంతర చతుర్భుజం బయటే ఉంటుంది. సిద్ధాంతాలన్నీ నిలుస్తాయి.

మన దగ్గర పరిస్థితి ఏమిటి? చాలా ఏళ్లు నడిచిన ఎన్‌సీఈఆర్‌టీ ఎనిమిదో తరగతి పుస్తకంలో ట్రెపీజియాన్ని ఒక జత సమాంతర భుజాలున్నదిగా చెప్పి, సమాంతర చతుర్భుజాలన్నీ ట్రెపీజియాలేనా అని అభ్యాసంలో అడిగారు. అవును అన్నదే ఆశించిన జవాబు. అదే పాఠంలో గాలిపటానికి మాత్రం పక్కపక్క భుజాల్లో కచ్చితంగా రెండు వేర్వేరు సమాన జతలుండాలన్నట్టు రాశారు. అలాగైతే నాలుగు భుజాలూ సమానమైన రాంబస్ గాలిపటం కాకూడదు. అభ్యాసంలో అది గాలిపటమే అన్న జవాబు ఆశించారు. నిర్వచనాన్ని అక్షరం అక్షరం చదివే విద్యార్థి ఇక్కడ మార్కు పోగొట్టుకుంటాడు, మామూలుగా ఊహించి రాసేవాడికి మార్కు వస్తుంది. జ్యామితి నేర్పాల్సిన గుణానికి ఇది పూర్తిగా వ్యతిరేకం. విడదీసే పద్ధతి ఎంచుకున్నా బాధపడను, ఒకే పాఠంలో రెండు పద్ధతులు కలవడం మాత్రం పిల్లలకు జరిగే అన్యాయం.

నిర్వచనంలో ఎంత ఉండాలన్నది ఇంకో ప్రశ్న. చతురస్రమంటే నాలుగు భుజాలూ సమానం, నాలుగు కోణాలూ లంబం, కర్ణాలు సమానం, లంబంగా సమద్విఖండన చేసుకుంటాయి అని గుణాలన్నీ రాసే పిల్లలు కనిపిస్తారు. తప్పేమీ లేదు, కానీ అది వర్ణన. నాలుగు భుజాలు సమానం, ఒక కోణం లంబం అంటే చాలు, తక్కినవన్నీ నిరూపించుకోవచ్చు. దీర్ఘచతురస్రానికి మూడు లంబకోణాలు చాలు. సమాంతర చతుర్భుజానికి ఒకే జత ఎదుటి భుజాలు సమానమూ సమాంతరమూ అయితే చాలు. ఏది చాలుతుంది, ఏది చాలదు అన్న వెతుకులాటలోనే అసలు జ్యామితి ఉంది. ఒక జత ఎదుటి భుజాలు సమానం, ఒక జత ఎదుటి కోణాలు సమానం అయితే సమాంతర చతుర్భుజం అవుతుందా? అవుతుందనే అనిపిస్తుంది. కాగితంతో పరీక్షించవచ్చు. ఆధారం దగ్గర 70 డిగ్రీల కోణాలున్న సమద్విబాహు త్రిభుజం కత్తిరించండి. శిఖరం నుంచి ఆధారానికి, మధ్యబిందువు కాని చోటికి, ఒక గీత గీసి కోయండి. రెండు ముక్కల్లో ఒకదాన్ని కోసిన అంచు మీదే తలకిందులుగా తిప్పి, అదే అంచుకు మళ్లీ ఆనించండి. ఒక చతుర్భుజం వస్తుంది. ఎదురెదురుగా రెండు 70 డిగ్రీల కోణాలుంటాయి, త్రిభుజపు సమాన భుజాలు ఇప్పుడు ఎదురెదురుగా ఉంటాయి. మిగిలిన రెండు భుజాలు ఆధారపు అసమాన ముక్కలు. సమాంతర చతుర్భుజం కాలేదు. ఈ కాగితం ముక్క ఒక పేజీ వివరణ కంటే గట్టిగా మనసులో నాటుకుంటుంది.

ఇదే వివేకం తాపీమేస్త్రి పనిలోనూ ఉంది. పునాదికి ముగ్గు పోసే ముందు నాలుగు మూలలా మేకులు పాతి దారం లాగుతాడు. ఎదురెదురు గోడల కొలతలు సరిచూసుకుని, ఆ తర్వాత టేపు మూల నుంచి మూలకు పట్టి రెండు కర్ణాలూ కొలుస్తాడు. 30కి 40 అడుగుల ఇల్లయితే రెండూ 50 రావాలి. ఒకటి 51 వచ్చిందంటే రెండోది 49కి రవ్వంత తక్కువ వస్తుంది, మేకు జరుపుతాడు. ఎదుటి భుజాలు సమానం కాబట్టి అది సమాంతర చతుర్భుజం, దానికి కర్ణాలూ సమానమైతే దీర్ఘచతురస్రం. ఆ వరసే అతని నిరూపణ. భుజాలు చూడకుండా కర్ణాలు మాత్రమే కొలిచి ఊరుకుంటే, వెనక గోడ రెండడుగులు తగ్గి రెండు పక్కలా సమానంగా వాలిన ఇల్లు కూడా పరీక్ష నెగ్గుతుంది.

వర్గీకరణకు సౌష్ఠవం ఇంకో దారి చూపిస్తుంది, అందంలో దీనికి సాటి లేదు. కుంభాకార చతుర్భుజాలను, అంటే లోపలికి గుంట లేనివాటిని, ఎలా మడిస్తే లేదా తిప్పితే మళ్లీ వాటి మీదే అవి కూర్చుంటాయో చూద్దాం. ఒక కర్ణం వెంట మడతపడితే గాలిపటం. ఎదుటి భుజాల మధ్యబిందువులను కలిపే గీత వెంట మడతపడితే సమద్విబాహు ట్రెపీజియం. మడతేమీ లేకుండా అర్ధచుట్టు తిప్పితే సరిపోయేది సమాంతర చతుర్భుజం. రెండు కర్ణాల వెంటా మడతపడితే రాంబస్, రెండు మధ్యగీతల వెంటా పడితే దీర్ఘచతురస్రం, నాలుగు మడతలూ ఉంటే చతురస్రం. ఇందులో ఒక జంట తీరు కనిపిస్తుంది. రాంబస్‌లో భుజాలు సమానం, దీర్ఘచతురస్రంలో కోణాలు సమానం. గాలిపటంలో పక్కపక్క భుజాలు జతలు కడతాయి, సమద్విబాహు ట్రెపీజియంలో పక్కపక్క కోణాలు జతలు కడతాయి. భుజం అన్నచోట కోణం పెడితే ఒక ఆకారం ఇంకోదిగా మారుతుంది, చతురస్రం మాత్రం ఉన్నచోటే ఉంటుంది. పావుచుట్టు తిప్పితే సరిపోయి మడతలు మాత్రం లేని చతుర్భుజం ఉండొచ్చేమోనని వెతికితే దొరకదు. పావుచుట్టు సరిపోయిందంటే భుజాలన్నీ, కోణాలన్నీ సమానమై చతురస్రమే వస్తుంది, మడతలు వాటంతట అవే వచ్చిపడతాయి. ఈ దృష్టిలో గోడలు కట్టాల్సిన అవసరమే రాదు, కలుపుకొనడం సహజంగా జరిగిపోతుంది.

మరి పిల్లలకు ఇది ఎందుకు కష్టం? 1957లో నెదర్లాండ్స్‌లోని ఉట్రెక్ట్ విశ్వవిద్యాలయానికి సమర్పించిన పరిశోధనల్లో పియర్ వాన్ హీలె, డీనా వాన్ హీలె దంపతులు దీనికి మెట్ల సిద్ధాంతం చెప్పారు. మొదటి మెట్టు మీద పిల్లలు ఆకారాన్ని మొత్తంగా, ముఖం గుర్తుపట్టినట్టు గుర్తుపడతారు. రెండో మెట్టు మీద గుణాలు చూస్తారు. ఒక గుణం నుంచి ఇంకో గుణం వస్తుందని, ఒక వర్గం ఇంకో వర్గంలో ఇముడుతుందని అర్థమయ్యేది మూడో మెట్టు మీదే. మెట్టు ఎక్కని పిల్లవాడికి నిర్వచనం బట్టీ పట్టించినా ఉపయోగం ఉండదు. 1981లో డేవిడ్ టాల్, ష్లోమో విన్నర్ ఇదే సంగతిని మరో వైపు నుంచి చెప్పారు. మనసులోని బొమ్మ వేరు, పుస్తకంలోని నిర్వచనం వేరు, ప్రశ్న ఎదురైనప్పుడు చాలామంది బొమ్మనే సంప్రదిస్తారు. బోర్డు మీద దీర్ఘచతురస్రం ఎప్పుడూ అడ్డంగా, వెడల్పు సగానికి తగ్గించి గీస్తాం. చతురస్రాన్ని మూల మీద నిలబెట్టి గీస్తే అది చతురస్రమే కాదనే పిల్లలుంటారు. ఆ బొమ్మను సడలించాలంటే నిర్వచనం కంటే ముందు కదలిక చూపించాలి. పుల్లల చట్రం చాలు. ఫోన్లో జియోజెబ్రా యాప్ ఉంటే ఇంకా మంచిది, దీర్ఘచతురస్రం మూలను వేలితో లాగుతూ పోతే మధ్యలో ఎక్కడో అది చతురస్రం మీదుగా దాటిపోతుంది. డచ్ గణితజ్ఞుడు హాన్స్ ఫ్రాయిడెంటాల్ నిర్వచనాన్ని పిల్లలకు తయారుచేసి ఇవ్వకూడదని, గుణాలను సర్దే పనిలో వాళ్లే దాన్ని చేరుకోవాలని పట్టుబట్టాడు. ఆయన మాట ఆచరించడానికి వారం రోజుల పీరియడ్లు పడతాయి. సిలబస్ ఒత్తిడిలో అంత తీరిక దొరకదని ఉపాధ్యాయులు చెప్పేది నిజమే. అయినా ఈ పాఠానికి ఆ వారం ఇవ్వాలి. తర్కం అనేది పిల్లలకు మొదటిసారి చేతికి తగిలే చోటు ఇదే.

పరీక్ష పేపర్లు తయారుచేసేవాళ్లకు ఒక్క విన్నపం. ట్రెపీజియం, గాలిపటం వర్గీకరణ అడిగే ప్రశ్నలో ఏ నిర్వచనం పాటిస్తున్నారో ప్రశ్నలోనే ఒక వాక్యంలో ఇవ్వండి. ఆ నిర్వచనం నుంచి జవాబు ఎలా వస్తుందో రాయమనండి, మార్కులు ఆ కారణానికి ఇవ్వండి.